బొమ్మలు కదిలించాలనుకునే పిల్లలకు

తిరుపతి

చిరంజీవులకు ఆశీస్సులు.

యానిమేషన్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వేశారు. జపాన్ బొమ్మలంటే ఇష్టం, ఆఫ్రికా ముసుగులంటే ఇష్టం, మన కలంకారీ అన్నా ఇష్టమే, ఇవన్నీ కలిపి సొంతంగా ఏదైనా చేయొచ్చా అని. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. రెండోది మాత్రం నేను హైదరాబాదులో ఈ పని చేసినన్నాళ్లూ నన్ను వదలని ప్రశ్న. అందుకే ఉత్తరం కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు చిన్న జవాబు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 కదలని చిత్రాలు, ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. చేత్తో గీసేవాళ్లు చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలబెడతారు కాబట్టి సెకనుకు 12 బొమ్మలు చాలు. అంటే పది సెకన్లకు 120 బొమ్మలు. లెక్క చూసి భయపడొద్దు. నేలకు కొట్టిన బంతితో మొదలుపెట్టండి. పైకి వెళ్లేకొద్దీ బంతి నెమ్మదిస్తుంది, అక్కడ బొమ్మలు దగ్గర దగ్గరగా పడాలి. కిందికి దిగేటప్పుడు వేగం అందుకుంటుంది, అక్కడ బొమ్మల మధ్య ఎడం పెరగాలి. దీన్ని మా పనిలో స్పేసింగ్ అంటాం. ఇది చేతికి వచ్చాక సగం నింపిన బియ్యం మూటను కదిలించండి. డిస్నీలో కొత్తగా చేరినవాళ్లకు ఇలాగే పిండి మూటను గీయమని ఇచ్చేవాళ్లు. మూటకు ముఖం లేదు, చేతులు లేవు. అయినా అది అలిగినట్టు, సంబరపడినట్టు, మెట్టు దూకడానికి జంకినట్టు కనిపించాలి. ఇది చేయగలిగితే మీరు సగం దారి వచ్చేసినట్టే.

సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ వద్దు. క్రిటా, పెన్సిల్2డి, ఓపెన్‌టూంజ్, బ్లెండర్ అన్నీ ఉచితంగా దొరుకుతాయి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 'ఫ్లో'ను లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్, ఆయన బృందం బ్లెండర్‌లోనే చేశారు. లాత్వియా దేశం మొత్తం జనాభా 20 లక్షలు కూడా లేదు. మనది పెద్ద ఊరు కాదే అన్న దిగులు మీకు అక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న. మీ పుస్తకాల్లో సగానికి పైగా పేజీల్లో పెద్ద పెద్ద కళ్లు, గాలికి ఎగిరే మొనదేలిన జుట్టు ఉన్నాయి. చేయి బాగుంది, సందేహం లేదు. కానీ ఆ కళ్లు జపాన్‌కు ఎలా వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఒసాము తెజుకా అనే జపాన్ బొమ్మల కథల చిత్రకారుడు చిన్నప్పుడు అమెరికా కార్టూన్లు, డిస్నీ బొమ్మలు చూసి మనసు పారేసుకున్నాడు. ఆ ఇష్టమే తర్వాత ఆయన గీసిన కళ్లలోకి వచ్చింది. 1963 జనవరి 1న ఆయన 'ఆస్ట్రో బాయ్' యానిమేషన్ సీరియల్ టీవీలో మొదలైంది. వారం వారం అరగంట కార్యక్రమం ఇవ్వాలి, డబ్బు తక్కువ, చేతులు తక్కువ. ఏం చేశారు? మనిషిని కదలకుండా నిలబెట్టి నోరు మాత్రమే కదిలించారు. ఒకసారి గీసిన కదలికను దాచిపెట్టుకుని మళ్లీ వాడారు. ఒక్క బొమ్మ మీద కెమెరాను మెల్లగా జరిపారు. మీరు ఇవాళ 'అనిమే స్టైల్', అంటే జపాన్ యానిమేషన్ తీరు, అనుకునేదాంట్లో చాలా భాగం ఇలా ఇరుకులో పడి కథ చెప్పాల్సివచ్చినప్పుడు పుట్టిన ఉపాయాలే. కళ్లు మాత్రం తీసుకుంటే, పులుసు రంగు చూసి నీళ్లలో కారం, పసుపు కలిపినట్టవుతుంది. కదలని బొమ్మతో చూసేవాణ్ణి ఎలా ఊపిరి బిగబట్టించారో గమనిస్తే, అప్పుడు జపాన్ నుంచి మీరు నిజంగా ఏదో నేర్చుకున్నట్టు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. వేరే చోటి కళ నచ్చితే అది ఎలా ఉందో చూడటంతో ఆగకండి, ఎందుకలా ఉందో తెలుసుకోండి. ఏ వస్తువుతో చేశారు, ఏ ఇబ్బంది దాటడానికి అలా చేశారు, ఎవరి ముందు పెట్టడానికి చేశారు? ఇలా అడగడం అలవాటు కావాలంటే ఇంటి దగ్గరున్న కళతో మొదలుపెట్టడం సులువు, ఎందుకంటే పక్కన కూర్చుని చూడొచ్చు.

శ్రీకాళహస్తి బస్సెక్కండి. కలంకారీ గీసేవాళ్ల దగ్గర, వాళ్ల అనుమతితో, ఒక పూట కూర్చోండి. నూలు బట్టను పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. చింతపుల్లల్ని కాల్చిన బొగ్గుతో లీలగా గీత వేసుకుని, తర్వాత కలం పడతారు. అది మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగించి ఉంటుంది. బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసిమి అనే నల్లరంగు ద్రవంలో దాన్ని ముంచుతారు. వేళ్లతో గుడ్డను మెల్లగా నొక్కుతుంటే రంగు మొనలోకి దిగుతుంది. బట్ట మీద పడినప్పుడు గీత పల్చగానే ఉంటుంది. కరక్కాయతో కలిసి మీరు చూస్తుండగానే నల్లబడుతుంది. ఇక అది చెరగదు. అక్కడ రబ్బరు లేదు, అన్‌డూ లేదు. ఆ గీతకు అంత ధీమా ఎక్కడిదో అప్పుడు మీకే తెలుస్తుంది. షాపుల్లో కలంకారీ పేరుతో అమ్మే ప్రింటు బట్టలో ఆ ధీమా ఎందుకు కనిపించదో కూడా తెలుస్తుంది.

ఇంకోటి చూడండి. పెద్ద రామాయణం బట్టలో మధ్యన పట్టాభిషేకం, చుట్టూ వరసగా గడులు, గడుల కింద తెలుగులో కథ. సినిమా తీసేముందు కథను వరసగా బొమ్మల్లో గీసుకునే స్టోరీబోర్డు కాక అది మరేమిటి? ఎంతమంది వానరుల మధ్య ఉన్నా నీలం రంగు రాముణ్ణి పట్టిస్తుంది. క్యారెక్టర్ డిజైన్ అని మేం క్లాసుల్లో నేర్పేది ఈ సంగతే. ఐర్లండ్‌లోని కిల్కెన్నీ అనే చిన్న ఊళ్లో కార్టూన్ సెలూన్ అనే స్టూడియో ఉంది. వాళ్ల దేశంలో సుమారు 1200 ఏళ్ల కిందటి 'బుక్ ఆఫ్ కెల్స్' అనే చేతిరాత గ్రంథం ఉంది. అందులోని మెలికల అల్లికల్ని, లోతు చూపించని బొమ్మల్ని పట్టుకుని 2009లో ఆ గ్రంథం మీదే ఒక పూర్తి నిడివి సినిమా తీశారు. కాళహస్తి బట్టలోని ప్రపంచం కదిలితే ఎలా ఉంటుందో మీలో ఎవరో ఒకరు ఆలోచిస్తారని నాకు గట్టి ఆశ.

తోలుబొమ్మల దగ్గరికి వస్తే ఈ 'ఎందుకు' ఇంకా బాగా అర్థమవుతుంది. మన బొమ్మలు మనిషంత ఎత్తు ఉంటాయి, తోలును వెలుతురు దూరేంత పల్చగా చేసి రంగులు వేస్తారు. ఆడించేవాళ్లు తెర వెనక నిలబడి, పాడుతూ, అడుగులు వేస్తూ ఆడిస్తారు. అదే రామాయణం ఇండోనేసియాలోని జావాలో వయాంగ్ కులిత్ అనే తోలుబొమ్మలాట అవుతుంది. అక్కడ దలాంగ్ ఒక్కడే కూర్చుని బొమ్మలన్నిటినీ ఆడిస్తాడు, అందరి గొంతులూ తనే పలుకుతాడు, అదీ రాత్రంతా. బొమ్మలు చిన్నవి, కాళ్లు కదలవు. భుజం దగ్గర, మోచేయి దగ్గర కీలు ఉంటుంది. మాట్లాడాల్సింది చేతులే కాబట్టి వాటిని అంత పొడుగ్గా చేశారని నాకనిపిస్తుంది. కథ ఒకటే, ఆడించే పద్ధతి మారింది, దాంతో బొమ్మ ఒళ్లే మారిపోయింది.

జర్మనీలో లోటె రైనిగర్ (1899–1981) చిన్నప్పుడే చైనా నీడబొమ్మల మీద మోజుపడింది. నల్ల అట్టను కత్తెరతో కత్తిరించి, కీళ్లను తీగలతో కలిపి, కింద దీపం వెలిగే గాజు పలక మీద పరిచి, పైన కెమెరా పెట్టి ఒక్కో ఫ్రేమూ తీసింది. సుమారు మూడేళ్లు కష్టపడి 1926లో 'ప్రిన్స్ అహ్మద్' పూర్తిచేసింది. ఇవాళ మనకు మిగిలిన పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అదే అన్నిటికంటే పాతది. ముఖాలు నల్లగా ఉంటాయి, కళ్లు కూడా కనిపించవు, అయినా మెడ వంచిన తీరులోనే సిగ్గు, కోపం తెలిసిపోతాయి. ఆవిడంటే నాకు ఎంతో గౌరవం. అయినా ఒక మాట చెప్పాలి. అందులో ఆఫ్రికా మాంత్రికుడి బొమ్మను ఇప్పుడు చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. పని చేసే పద్ధతిని ఎంతో శ్రద్ధగా అందుకున్న మనిషి, ఆ మనుషుల్ని మాత్రం తన చుట్టూ ఉన్నవాళ్లు ఊహించుకున్నట్టే గీసింది.

ఇది మనకు ఎలా తగులుతుందో చూడండి. మన తాతయ్యగుంట గంగమ్మ జాతర మీ అందరికీ తెలుసు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు, ఇలా రోజుకో వేషం. మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, గాజులు తొడుక్కుని వచ్చి మొక్కు తీర్చుకుంటారు. పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేషాలు మార్చిందని, దొర వేషంలో వాణ్ణి సంహరించిందని, మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చిందని కథ. చంపినవాడి భార్యను ఓదార్చడం! ఇంత గొప్ప కథ మన వీధుల్లో నడుస్తోంది. ఎవరో దూరదేశం వాళ్లు నాలుగు ఫొటోలు చూసి, బండ వేషాన్ని తీసుకెళ్లి గేమ్‌లో రాక్షసుడిగా పెడితే మీకెట్లా ఉంటుంది?

మరి మీలో ఒకరు 'ఆఫ్రికా ముసుగు' అని రాసి గీసిన బొమ్మను అలాగే చూడండి. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. ప్రతి ముసుగుకూ ఒక జనం, ఒక పేరు, ఒక సందర్భం ఉంటాయి. నైజీరియా, బెనిన్ ప్రాంతాల్లోని యోరుబా వాళ్ల గెలెడే గురించి వెతకండి. తల్లుల శక్తిని గౌరవించడానికి మగవాళ్లు ఆడవేషం కట్టి, తల మీద చెక్కిన ముసుగు పెట్టుకుని ఆడే పండగ అది. వింటుంటే మన జాతర గుర్తుకు రావడం లేదూ? మాతంగి వేషం కట్టిన తిరుపతి అబ్బాయి, గెలెడే ఆడే యోరుబా అబ్బాయి ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారు? రెండు స్టైళ్లు కలపడం అంటే నా లెక్కలో ఇది. పేరు తెలుసుకుని, కారణం తెలుసుకుని, కలిసే చోటు వెతకాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చివర టైటిల్స్‌లో తప్పక వేయాలి. వేషాలు కట్టేవాళ్లను గీయాలన్నా, ఫోన్‌లో తీయాలన్నా ముందు అడగండి.

ఒక పని పెడతాను. మామూలు నడకలో అడుగుకు సుమారు 12 ఫ్రేములు పడతాయి. ఒకే మనిషిని తీసుకోండి, ముఖం వద్దు, నల్లటి నీడ చాలు. అతన్ని మూడు రకాలుగా నడిపించండి. బైరాగిలా, దొరలా, తలమీద సున్నపు కుండలు మోసేవాడిలా. తల మీద బరువుంటే మెడ ఎలా నిలుస్తుంది, అడుగు ఎంత దగ్గరగా పడుతుంది, ఎన్ని ఫ్రేములు పెరుగుతాయి? యూట్యూబులో వెతకొద్దు. కుండ తల మీద పెట్టుకుని మీరే మేడ మీద నడిచి చూసుకోండి.

చదువుల సంగతి. ఇంట్లో వాళ్లు భయపడుతున్నారని రాశారు. వాళ్ల భయం న్యాయమే, ఈ పనిలో మొదటి జీతాలు చిన్నవి. చాలా చోట్ల మొదట ఇచ్చేది ఇతరులు గీసిన కీ డ్రాయింగుల (కదలికలో ముఖ్యమైన భంగిమల) మధ్య బొమ్మలు నింపే పనో, చిత్తు గీతల్ని శుభ్రంగా తిరిగి గీసే క్లీనప్పో. అందుకే ఇంటర్ మానేయకండి. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో, ఐఐటీ బొంబాయిలోని డిజైన్ విభాగం ఐడీసీలో యానిమేషన్ చదువు ఉంది. ప్రవేశ పరీక్షల్లో చేతి నైపుణ్యంతోపాటు మీరు ఎంత గమనిస్తారో, ఎలా ఆలోచిస్తారో కూడా చూస్తారు. గీత గట్టిపడాలనుకునేవాళ్లకు మన ఊళ్లోనే టీటీడీ శిల్ప శిక్షణ సంస్థ ఉంది, అక్కడ కలంకారీ కూడా నేర్పుతారు. అమ్మానాన్నలకు ఇవన్నీ నన్ను చెప్పమంటే ఇంటికి తీసుకురండి, నేను మాట్లాడతాను.

ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. ముందు బంతి, తర్వాత బియ్యం మూట. ఫోన్‌లో తెచ్చినా సరే, నోటు పుస్తకం అంచున గీసి తెచ్చినా సరే.

మీ పెద్దమ్మ