కిమ్ లిటిల్‌కు రియో ఎందుకు దక్కలేదు

ఒలింపిక్స్ దగ్గరపడితే చాలు, బ్రిటన్ ఫుట్‌బాల్‌లో ఒక పాత పంచాయితీ మళ్లీ గుమ్మంలోకి వస్తుంది. ఈసారి లాస్ ఏంజెలిస్ 2028 వంతు. అక్కడ మహిళల ఫుట్‌బాల్‌లో 16 జట్లు, పురుషుల్లో 12 జట్లు ఆడతాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2025 ఏప్రిల్‌లో తేల్చింది. మొన్నటిదాకా ఈ లెక్క తలకిందులుగా ఉండేది. ఆడవాళ్లకు నాలుగు చోట్లు పెరిగాయి కాబట్టి, గ్రేట్ బ్రిటన్ జట్టు ఉండాలా, ఉంటే అందులో స్కాట్లండ్ అమ్మాయిలు ఆడాలా అన్న చర్చకు మళ్లీ ఊపిరొచ్చింది.

బ్రిటన్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేర్వేరు ఫుట్‌బాల్ సంఘాలు, వేర్వేరు జట్లు ఉన్నాయి. చిక్కు ఎక్కడుందో మనవాళ్లకు హాకీతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ప్రపంచకప్‌లో మనకు ఎదురయ్యేది ఇంగ్లండ్. ఒలింపిక్స్‌లో ఎదురయ్యేది గ్రేట్ బ్రిటన్. 2021 ఆగస్టు 6న టోక్యోలో మన మహిళల జట్టు కంచు పతకం కోసం పోరాడి 3-4తో ఓడిన రోజు గుర్తుందా? ఆ రోజు బ్రిటన్ గోల్స్‌లో ఒకటి కొట్టిన సారా రాబర్ట్‌సన్ స్కాట్లండ్ అమ్మాయి. ఆమె బ్రిటన్ జెర్సీ వేసుకున్నంత మాత్రాన స్కాట్లండ్ హాకీ జట్టు మాయమైపోలేదు. ఫుట్‌బాల్‌లో మాత్రం ఇదే పని పెద్ద నేరంగా కనిపిస్తుంది.

స్కాట్లండ్ కన్న గొప్ప మిడ్‌ఫీల్డర్లలో ఒకరైన కిమ్ లిటిల్ కెరీర్ మొత్తం ఈ పంచాయితీ నీడలోనే గడిచింది. ఆమె మింట్‌లాలో పెరిగిన సంగతి, స్కాట్లండ్ క్లబ్ హిబెర్నియన్‌కు గోల్స్ వాన కురిపించిన సంగతి, 17 ఏళ్లకే ఆర్సెనల్ చేరిన సంగతి అభిమానులకు కంఠతా వచ్చు. వాటి జోలికి పోవడం లేదు. నేటి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది 2015 మార్చిని. ఆ నెలలో తీసుకున్న ఒక నిర్ణయం చాలా విషయాలకు తాళంచెవి.

ఆ మార్చి నాటికి లిటిల్ అమెరికాలో సియాటిల్ రెయిన్ తరఫున ఆడుతోంది. అంతకు ముందు సీజన్‌లో 16 గోల్స్ కొట్టి అక్కడి జాతీయ లీగ్‌లో గోల్డెన్ బూట్, అత్యంత విలువైన క్రీడాకారిణి పురస్కారం రెండూ గెలుచుకుంది. ప్రపంచ మేటి ఆటగత్తెలెందరో ఆడే లీగ్ అది. అక్కడ మిడ్‌ఫీల్డ్ నుంచి వచ్చి అన్ని గోల్స్ కొట్టడమంటే మాటలు కాదు. ఆమె వయసు అప్పటికి 24. రియో ఒలింపిక్స్ నాటికి 26. ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు అంతకన్నా మంచి వయసు ఉండదు.

2016లో రియోకు పురుషుల జట్టును, మహిళల జట్టును పంపాలనుకుంటున్నామని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) మిగతా మూడు సంఘాలకు తెలియజేసింది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ మూడూ వద్దన్నాయి. నాలుగు సంఘాలూ ఒప్పుకుంటే తప్ప కుదరదని ఫిఫా చెప్పింది. నెలాఖరుకల్లా ఇంగ్లండ్ ఎఫ్‌ఏ చేతులెత్తేసింది.

ఇక్కడ గమనించాల్సింది మూట కట్టిన తీరు. మగవాళ్ల జట్టు, ఆడవాళ్ల జట్టు ఒకే మూటలో ఉన్నాయి. పురుషుల ఫుట్‌బాల్‌లో ఒలింపిక్స్ అంటే 23 ఏళ్ల లోపు కుర్రాళ్ల పోటీ, ముగ్గురు పెద్దవాళ్లకు మాత్రం మినహాయింపు. క్లబ్బులకు దాని మీద ఆసక్తి లేదు. మహిళల ఫుట్‌బాల్‌లో అలా కాదు. వయసు పరిమితి లేదు, ప్రతి దేశమూ తన అసలు జట్టునే పంపుతుంది, ప్రపంచకప్ తర్వాత అంత పెద్ద వేదిక మరొకటి లేదు. ఒకరికి పక్కన పడేసినా బాధలేని పోటీ, ఇంకొకరికి జీవితకాలపు కల. రెండింటినీ ఒకే తక్కెడలో వేసి, మగవాళ్ల ఆట గురించిన భయాలతో తూచి, రెండింటినీ కలిపి కొట్టేశారు.

ఆ తర్వాత జరిగింది చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2015 వేసవిలో కెనడా ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మూడో స్థానంలో నిలిచింది. ఐరోపా నుంచి రియో బెర్తు దక్కేంత ఘనత అది. కానీ ఇంగ్లండ్‌కు ఒలింపిక్ జట్టు లేదు, బ్రిటన్ జట్టుకు అనుమతి లేదు. ఆ బెర్తు కోసం నెదర్లాండ్స్‌లో నాలుగు జట్ల మధ్య చిన్న టోర్నీ పెట్టారు. స్వీడన్ గెలిచింది. అదే స్వీడన్ రియోలో ఫైనల్ దాకా వెళ్లి వెండి పతకంతో తిరిగొచ్చింది. లిటిల్ 2015-16 సీజన్‌లో మెల్‌బోర్న్ సిటీకి ఆడి, ఆ జట్టు ఒక్క ఓటమీ లేకుండా ఆస్ట్రేలియా లీగ్ నెగ్గడంలో పాలుపంచుకుంది. 2016లో బీబీసీ ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ పురస్కారమూ అందుకుంది. ఆ ఆగస్టులో రియోలో మాత్రం ఆమె లేదు.

స్కాటిష్ ఎఫ్‌ఏ వాదన కూడా చెప్పాలి. ప్రపంచ ఫుట్‌బాల్ నియమాలు రాసే బోర్డులో మొత్తం ఎనిమిది ఓట్లు. నాలుగు ఫిఫావి, మిగతా నాలుగు ఈ నాలుగు బ్రిటిష్ సంఘాలవి. ఆరు ఓట్లు పడితే తప్ప ఏ నియమమూ మారదు. 1886 నుంచి వస్తున్న ఈ హోదా చూసి కళ్లు కుట్టే దేశాలు తక్కువేం కాదు. ఒలింపిక్స్‌లో ఒకే జట్టుగా ఆడితే ‘మిగతా చోట్లా ఒకే జట్టుగా ఆడండి’ అంటారని భయం. 2008లో అప్పటి ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్, ఇంగ్లండ్ ఆటగాళ్లతోనే జట్టు దించితే మంచిదని చెప్పి ఆ భయానికి ఆజ్యం పోశారు కూడా. కాబట్టి భయం ఊహల్లోంచి పుట్టింది కాదు.

అయితే ఆ భయం నిజమైందా అన్నది చూడాలి కదా. 2012లో లండన్‌లో బ్రిటన్ జట్లు రెండూ ఆడాయి. పురుషుల జట్టులో 13 మంది ఇంగ్లండ్ వాళ్లు, ఐదుగురు వేల్స్ వాళ్లు. మహిళల జట్టులో 16 మంది ఇంగ్లండ్ వాళ్లు, ఇద్దరు స్కాట్లండ్ వాళ్లు: కిమ్ లిటిల్, డిఫెండర్ ఇఫియోమా డీకే. ఆ తర్వాత స్కాట్లండ్ ఓటు పోయిందా? పోలేదు. స్కాట్లండ్ పురుషుల జట్టు 2025 నవంబరులో హ్యాంప్డెన్ పార్క్‌లో డెన్మార్క్‌ను 4-2తో ఓడించి, 1998 తర్వాత మళ్లీ ప్రపంచకప్‌కు అర్హత సాధించింది, స్కాట్లండ్ పేరుతోనే. రియోలో రగ్బీ సెవెన్స్‌లో బ్రిటన్ పురుషుల ఉమ్మడి జట్టు వెండి పతకం గెలిచింది, అందులో స్కాట్లండ్ ఆటగాళ్లూ ఉన్నారు. స్కాట్లండ్ రగ్బీ జట్టు ఎప్పటిలాగే సిక్స్ నేషన్స్‌లో ఇంగ్లండ్‌తో తలపడుతూనే ఉంది.

2012 నాటి కథలో ఇంకో రోజు ఉంది. జులై 25, కార్డిఫ్. లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందే, మొత్తం ఆటల్లో మొదటి పోటీగా బ్రిటన్, న్యూజిలాండ్ మహిళల మ్యాచ్ జరిగింది. స్టెఫ్ హోటన్ ఫ్రీ కిక్‌తో బ్రిటన్ 1-0తో గెలిచింది. మర్నాడు మాట్లాడుకున్నది గోల్ గురించి ఒక్కటే కాదు. జాతీయ గీతం వస్తున్నప్పుడు లిటిల్, డీకే పెదవులు కదల్లేదని గోల చేశారు. అదే సాయంత్రం గ్లాస్గోలోని హ్యాంప్డెన్ పార్క్‌లో ఉత్తర కొరియా అమ్మాయిల ఫొటోల పక్కన తెరపై దక్షిణ కొరియా జెండా వేశారు. వాళ్లు మైదానం వదిలి వెళ్లిపోయారు. ఆట గంటకు పైగా ఆగింది. నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. మనిషికి తనది కాని జెండా తగిలిస్తే ఎంత నొప్పి కలుగుతుందో ఆ సాయంత్రం అందరికీ అర్థమైంది. అదే సాయంత్రం కార్డిఫ్‌లో ఇద్దరు స్కాట్లండ్ అమ్మాయిలు, తమ దేశం ఆడేటప్పుడు పాడుకునే పాట వేరు కాబట్టి, మౌనంగా నిలబడితే మాత్రం అర్థం కాలేదు.

వాళ్లు ఇరువైపులా నలిగారు. స్కాట్లండ్‌లో ‘మన సంఘం వద్దన్నా వెళ్లారు’ అన్న చూపు. ఇంగ్లండ్‌లో ‘మా గీతం పాడని వాళ్లు మా జట్టులో ఎందుకు’ అన్న మాట. అప్పటికి లిటిల్‌కు 22 ఏళ్లు. అసలు ఆ జట్టు గురించి ఏ రాతకోతలూ కుదరకముందే, 2011 జూన్‌లో బ్రిటిష్ ఒలింపిక్ సంఘం ‘చారిత్రక ఒప్పందం’ కుదిరిందని ప్రకటించింది. అలాంటి ఒప్పందమేదీ లేదని మూడు సంఘాలూ వెంటనే ఖండించాయి. పెద్దల మధ్య తేలని లెక్కను చివరికి ఆ ఇద్దరు అమ్మాయిల భుజాల మీద పెట్టారు. వాళ్లు ఆట ఆడారు. బ్రెజిల్‌ను వెంబ్లీలో 70 వేల మంది ముందు 1-0తో ఓడించిన జట్టులో ఉన్నారు. క్వార్టర్ ఫైనల్లో కెనడా చేతిలో 0-2తో ఆ ప్రయాణం ముగిసింది.

స్కాట్లండ్ గుర్తింపును కాపాడుతున్నామని చెప్పే సంఘానికి మహిళల ఆటతో ఉన్న పాత లెక్క కూడా గుర్తు చేసుకోవాలి. 1971లో మహిళల ఫుట్‌బాల్‌ను సభ్య సంఘాలు తమ అధీనంలోకి తీసుకోవాలని ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏలో ఓటింగ్ జరిగితే, వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక్క సంఘం స్కాట్లండ్‌ది. మరుసటి ఏడాది గ్రీనక్‌లో ఇంగ్లండ్‌తో తొలి అధికారిక మ్యాచ్ ఆడి 2-3తో ఓడిన స్కాట్లండ్ అమ్మాయిలకు, దేశానికి ఆడినందుకు ఇచ్చే క్యాప్‌లు 2019లో గానీ చేతికి రాలేదు. 2022లో కెప్టెన్ రేచల్ కోర్సీ ముందుండి, జీతభత్యాలు, వసతుల్లో సమానత్వం కోసం ఇదే సంఘంపై న్యాయపోరాటానికి దిగాల్సి వచ్చింది. 2023లో రాజీ కుదిరింది. ఇవన్నీ ఎరిగిన వాళ్లకు 2015 నిర్ణయం కొత్తగా అనిపించదు.

2018లో మూట విప్పారు. టోక్యోకు మహిళల జట్టు మాత్రమే వెళ్తుందని, అర్హత కోసం 2019 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ ఫలితాన్ని చూస్తారని నాలుగు సంఘాలూ ఒప్పుకున్నాయి. మగవాళ్ల ప్రస్తావన లేదు. ఎవరి ఆకాశమూ కూలలేదు. మూడేళ్ల ముందు కూడా ఇదే పని చేసి ఉండొచ్చు కదా అన్న ప్రశ్నకు ఇంతవరకూ సరైన జవాబు వినలేదు.

కరోనాతో ఏడాది వెనక్కి జరిగిన టోక్యోకు మొదట ప్రకటించిన 18 మందిలో స్కాట్లండ్ నుంచి లిటిల్, కరోలిన్ వియర్ ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే. హోటన్, వేల్స్‌కు చెందిన సోఫీ ఇంగిల్‌తో పాటు లిటిల్‌నూ కెప్టెన్లలో ఒకరిగా నియమించారు. తొమ్మిదేళ్ల కింద పెదవులు కదల్లేదని నిలదీసిన అమ్మాయికి అదే జట్టు పగ్గాలు ఇచ్చారు. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాతో 2-2 దగ్గర, అదనపు సమయంలో వియర్ పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేసింది. మ్యాచ్ 3-4తో పోయింది. నెలన్నర తిరక్కుండానే, సెప్టెంబరులో లిటిల్ స్కాట్లండ్ జట్టు నుంచి తప్పుకుంది, ఇక క్లబ్ ఆట మీదే దృష్టి పెడతానంటూ. 140 మ్యాచ్‌లు, 59 గోల్స్.

ఆ 140లో పెద్ద టోర్నీల ప్రధాన దశ మ్యాచ్‌లు మూడంటే మూడు. స్కాట్లండ్ మహిళలు తొలిసారి అర్హత సాధించిన యూరో 2017 ముందు ఆమె మోకాలి లిగమెంట్ తెగింది. 2019 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, జపాన్ చేతుల్లో 1-2తో ఓడాక, పారిస్‌లో అర్జెంటీనాపై తొలి గోల్ ఆమే కొట్టింది. 3-0 దాకా వెళ్లిన ఆ మ్యాచ్ చివరి నిమిషాల్లో మళ్లీ కొట్టించిన పెనాల్టీతో 3-3 అయింది. స్కాట్లండ్ ఇంటికి. యూరో 2022కు, ప్రపంచకప్ 2023కు, యూరో 2025కు స్కాట్లండ్ చేరనే లేదు. ఇలాంటి దేశంలో పుట్టిన ఆటగత్తెకు ఒలింపిక్స్ అంటే ఏమిటో, ఒక ఒలింపిక్స్ దూరం చేయడమంటే ఏమిటో ఈ లెక్కలోనే ఉంది.

పారిస్ 2024కు దారి ఐరోపా దేశాల జట్లు ఆడే నేషన్స్ లీగ్ మీదుగా పోయింది. బ్రిటన్ తరఫున అర్హత సాధించాల్సింది ఇంగ్లండ్. అదే గ్రూపులో స్కాట్లండ్. 2023 డిసెంబరు 5న హ్యాంప్డెన్‌లో చివరి మ్యాచ్ నాటికి ఇంగ్లండ్‌కు గోల్స్ కావాలి. ఇంగ్లండ్ గెలిస్తే రేపు ఒలింపిక్స్‌లో ఆడే అవకాశం స్కాట్లండ్ అమ్మాయిలకూ ఉంది. దాంతో వాళ్లు నిజంగా ఆడతారా అని మ్యాచ్‌కు ముందే గుసగుసలు. ఆ అనుమానమే తమను అగౌరవపరచడమని కోర్సీ గట్టిగా చెప్పింది. వియర్ అప్పటికే సెప్టెంబరులో బెల్జియంతో స్కాట్లండ్ మ్యాచ్ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంపుకుని ఇంట్లో ఉంది. దేశం కోసం ఆడి గాయపడిన మనిషి ఒకవైపు, దేశభక్తి మీద ప్రశ్నలు ఇంకోవైపు. ఇంగ్లండ్ 6-0తో గెలిచింది. అదే రాత్రి నెదర్లాండ్స్ ఇంజురీ టైమ్‌లో కొట్టిన గోల్‌తో గోల్ తేడాలో ముందుకెళ్లింది. బ్రిటన్‌కు పారిస్ లేదు.

ఆ రాత్రి స్కాట్లండ్ అమ్మాయిలను అలాంటి ఇరకాటంలో నిలబెట్టింది ఇంగ్లండ్ కాదు, అమ్మాయిలు కాదు. ఉమ్మడి జట్టు ఎలా అర్హత సాధించాలో నాలుగు సంఘాలు కూర్చుని తీరిగ్గా ఆలోచించకపోవడమే.

లిటిల్ ఇంకా ఆడుతోంది. 2025 మే 24న లిస్బన్‌లో బార్సిలోనాను 1-0తో ఓడించి ఆర్సెనల్ చాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు కెప్టెన్ ఆమే. లాస్ ఏంజెలిస్ ఆటలు మొదలయ్యేనాటికి ఆమెకు 38 ఏళ్లు. స్కాట్లండ్ మిడ్‌ఫీల్డర్ ఎరిన్ కత్‌బర్ట్ ఆ ఆటలు జరుగుతుండగానే 30కి చేరుతుంది. వియర్‌కు 33 నిండి ఉంటాయి.