మలబద్ధకానికి ప్రోబయోటిక్స్: అపోహలు - వాస్తవాలు

ప్రోబయోటిక్స్ అంటే పేగులకు మేలు చేస్తాయని తీసుకునే బతికున్న సూక్ష్మజీవులు.

అపోహ: రోజూ పెరుగు తినేవాళ్లకు మలబద్ధకం రాదు.

"రెండు పూటలా పెరుగన్నమే తింట మేడం, అయినా మోషన్ అయితలేదు." నల్గొండలో డైటీషియన్‌గా ఈ మాట వినని వారం ఉండదు. ఆ పళ్లెంలో తెల్లన్నం ఉంది, పెరుగుంది, మామిడికాయ తొక్కుంది. పీచేది? పెరుగు మంచిదే, కానీ దాంట్లో పీచు ఉండదు. ఇంట్లో తోడేసిన పెరుగులో ఏ బ్యాక్టీరియా ఎంతుందో ఎవరూ చెప్పలేరు కూడా. ఒక పూటైనా జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూర, పక్కన గ్లాసెడు సల్ల పెట్టుకోండి. బత్తాయి మన జిల్లా పంటే. మనమేమో రసం పిండుకుని పీచున్న పిప్పి పారేస్తాం. తొనలు పొరతో సహా తినండి.

అపోహ: మెడికల్ షాపులో ఏ ప్రోబయోటిక్ ఇచ్చినా ఒకటే.

కాదు. ప్యాకెట్ మీద పేరు పూర్తిగా చదవండి. బాగా అమ్ముడుపోయే శాకరోమైసిస్ బౌలార్డీ అసలు బ్యాక్టీరియానే కాదు, ఈస్ట్. దాన్ని ఎక్కువగా రాసేది విరేచనాలకు. మలబద్ధకంలో కాస్త ఆధారం ఉన్నది బైఫిడోబ్యాక్టీరియం లాక్టిస్ అనే బ్యాక్టీరియాకు. అదైనా ఎంత? మనుషుల మీద చేసిన 14 పరీక్షలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో, దీన్ని వాడినవాళ్లకు వారానికి సగటున ఒకటిన్నర సార్లు ఎక్కువగా మోషన్ అయింది. కొందరికి ఆ మాత్రం చాలు. నాలుగు వారాలు వాడి చూడండి, తేడా లేకపోతే ఆ డబ్బులు పండ్లకు పెట్టండి. పొడిని వేడి పాలల్లో మాత్రం కలపొద్దు.

అపోహ: పులిసిన వంటలన్నీ ప్రోబయోటిక్కే.

ఇడ్లీ ఆవిరికి, మజ్జిగ పులుసు మంటకు ఆ సూక్ష్మజీవులు దాదాపు చచ్చిపోతాయి. రుచికి తినండి.

అపోహ: ప్రోబయోటిక్ మొదలుపెడితే ఇక వేరే ఏదీ చూడనక్కర్లేదు.

నాకు కోపం తెప్పించేది ఇదే. గర్భిణులకు ఐరన్ మాత్రలతో మోషన్ గట్టిపడటం మామూలే. మాత్ర ఆపేయకుండా డాక్టర్‌కు చెప్తే వేరే రకం రాస్తారు. కూలికి పోయే ఆడవాళ్లు పనిచోట మరుగుదొడ్డి లేక పొద్దంతా ఆపుకుంటారు, వెళ్లాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగరు. దీనికి ఏ క్యాప్సూలూ పనిచేయదు. ఇసబ్గోల్ వాడేవాళ్లు కూడా నిండు గ్లాసు నీళ్లతో తీసుకోకపోతే ఇంకా బిగుసుకుంటుంది.

అపోహ: ప్రోబయోటిక్స్‌తో ఎవరికీ హాని లేదు.

ఆరోగ్యవంతులకు మహా అయితే మొదట్లో కాస్త గ్యాస్. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ముట్టొద్దు. మోషన్‌లో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా, మొలలేలే అని ఊరుకోకుండా ముందు పరీక్ష చేయించుకోండి.