గాలి లాగదు, నెడుతుంది

స్ట్రాతో జ్యూస్ తాగేటప్పుడు దాన్ని పైకి లాగుతున్నది మనమే అనుకుంటాం గానీ, మనం చేసేదల్లా స్ట్రాలో ఉన్న గాలిని కొంత తీసేయడమే. మిగతా పని గ్లాసులోని జ్యూస్ మీద ఒత్తుతున్న బయటి గాలిది. గోడకు అంటుకునే సక్షన్ కప్పు అయినా, వాక్యూమ్ క్లీనర్ అయినా ఇదే కథ. గాలికి లాగడం చేతకాదు, నెట్టడం ఒక్కటే వచ్చు. ఈ ముక్క గుర్తుంటే అల్పపీడనం (చుట్టుపక్కలకన్నా గాలి ఒత్తిడి తక్కువున్న చోటు), అధికపీడనం (ఎక్కువున్న చోటు) లాంటి మాటలు సగం అర్థమైనట్టే.

ఇంత బలం దానికి ఎక్కడిదంటే, బరువు నుంచి. సముద్ర మట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా, ఆకాశం పైఅంచు దాకా లెక్కేస్తే, దాదాపు ఒక కిలో గాలి ఉంటుంది. అంటే అరచేయంత చోట 100 కిలోల దాకా! మరి చెయ్యి నలిగిపోదేం? అడుగు నుంచీ పక్కల నుంచీ కూడా గాలి అంతే బలంగా నెడుతోంది కాబట్టి, మన ఒంట్లోని ద్రవాలూ అదే ఒత్తిడిలో ఉన్నాయి కాబట్టి.

1640లలో ఇటలీలో టోరిచెల్లి అనే శాస్త్రవేత్త పాదరసం నింపిన గొట్టాన్ని పాదరసం గిన్నెలో తలకిందులుగా నిలబెడితే, అందులోని పాదరసం పూర్తిగా కారిపోకుండా సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున ఆగిపోయింది. దాన్ని నిలబెట్టింది బయటి గాలి బరువే అయితే కొండ ఎక్కితే ఆ మట్టం తగ్గాలి కదా, ఎందుకంటే అక్కడ పైన మిగిలిన గాలి తక్కువ. ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్‌కు ఈ ఆలోచన వచ్చింది, కొండెక్కింది మాత్రం ఆయన బావగారు పెరియే. 1648లో ఫ్రాన్స్‌లోని ప్యూయి ద డోమ్ కొండ మీద పాదరసం నిజంగానే కొన్ని సెంటీమీటర్లు దిగింది. కింద ఇంకో గొట్టం పెట్టి, రోజంతా దాన్ని చూస్తుండమని ఒకరికి అప్పజెప్పి వెళ్లడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. అది కదల్లేదు కాబట్టే పైన కనిపించిన తేడా ఎత్తు వల్లే వచ్చిందని తేలింది.

ఈ గాలిలో నత్రజని 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, మిగిలిన ఒక్క శాతంలో ఎక్కువ భాగం ఆర్గాన్. నీటి ఆవిరి చోటును బట్టి మారుతుంది. మొత్తం గాలిలో సగం మొదటి ఐదున్నర కిలోమీటర్లలోనే ఉంది, ఎవరెస్ట్ శిఖరం మీద ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో మూడో వంతే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. సముద్ర మట్టంలో సగటు ఒత్తిడి 1013 హెక్టోపాస్కల్స్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం ఇది). నిటారుగా 8 మీటర్లు ఎక్కితే చాలు, అందులో ఒకటి తగ్గుతుంది. అడ్డంగా అయితే ఆ ఒక్కదాని తేడా కనపడటానికి మామూలు రోజుల్లో వంద కిలోమీటర్లు పోవాల్సి రావచ్చు. అలాంటప్పుడు గాలి ఎప్పుడూ పైకే దూసుకుపోవాలి కదా? పోదు, ఎందుకంటే పైకి నెట్టే ఆ బలాన్ని గురుత్వాకర్షణ దాదాపు సరిగ్గా సరిపెట్టేస్తోంది. అడ్డంగా అలా ఆపేవాళ్లు లేరు, అందుకే అక్కడ చిన్న తేడా కూడా గాలిని కదిలిస్తుంది.

ఆ తేడా పుట్టేది ఎండ వల్ల. వేడి గాలి పైకి పోతే ఖాళీ ఏర్పడుతుందని, ఆ ఖాళీ చుట్టుపక్కల గాలిని లాక్కుంటుందని చాలామంది చెప్తారు. వినడానికి బాగుంటుంది గానీ అలా జరగదు. సముద్రపు ఒడ్డునే తీసుకోండి. పగలు నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి వ్యాకోచించి పైకి సాగుతుంది, దాంతో కొంత ఎత్తులో నేల వైపు ఒత్తిడి ఎక్కువై అక్కడి గాలి సముద్రం వైపు జారుకుంటుంది. అలా కొంత గాలి పోయాక నేల మీద బరువు తగ్గుతుంది, అప్పుడు బరువు ఎక్కువున్న సముద్రపు వైపు గాలి అడుగున ఒడ్డు మీదికి నెట్టుకొస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి అంతా తిరగబడుతుంది.

ఇదే పెద్ద దూరాల్లో జరిగితే భూభ్రమణం మధ్యలో దూరుతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలో 10 హెక్టోపాస్కల్స్ తేడా ఉందనుకుందాం. భూమి తిరక్కుండా, రాపిడి కూడా లేకుండా ఉంటే, అంత చిన్న తోపుకే గాలి ఒక్కరోజులో గంటకు 250 కిలోమీటర్ల వేగం దాటేస్తుంది, అల్పపీడనాలు కూడా పుట్టినంత త్వరగా పూడిపోతాయి. అలా కావట్లేదు. భూమి తిరుగుతోంది కాబట్టి కదిలే గాలి ఉత్తరార్ధగోళంలో కుడివైపుకి, దక్షిణాన ఎడమవైపుకి ఒరుగుతుంది, దీన్నే కోరియోలిస్ ప్రభావం అంటారు. అల్పపీడనం వైపు బయల్దేరిన గాలి అలా పక్కకి తిరిగి తిరిగి చివరికి దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది: ఉత్తరాన గడియారం ముల్లుకి ఎదురుగా, దక్షిణాన ముల్లుతో పాటు. నేలకు దగ్గర్లో రాపిడి వేగాన్ని కాస్త తగ్గిస్తుంది, ఆ మేరకు గాలి లోపలికి వంగి మధ్యలో చేరి పైకి లేచి చల్లబడి మబ్బవుతుంది. అల్పపీడనం అనగానే వాన గుర్తొచ్చేది ఇందుకే. భూమధ్యరేఖ మీద ఈ ఒరుగుడు సున్నా, అందుకే దానికి మరీ దగ్గర్లో తుఫాన్లు దాదాపు పుట్టవు. ఇక సింకులో నీళ్లు సుడి తిరిగే దిక్కుకి కారణం ఇదేనన్న మాట వట్టిదే, అంత చిన్న చోట నీళ్లు ముందు ఎటు కదిలాయన్నదే ముఖ్యం.

ఉత్తరార్ధగోళంలో ఉంటే గాలి వస్తున్న వైపుకి వీపు పెట్టి నిలబడండి, అల్పపీడనం మీకు ఎడమ పక్కన ఉంటుంది, దక్షిణార్ధగోళంలో అయితే కుడి పక్కన. డచ్ శాస్త్రవేత్త బైస్ బలోట్ 1857లో ప్రకటించిన సూత్రం ఇది. సముద్రపు ఒడ్డునో కొండ లోయలోనో దీన్ని పరీక్షించి తప్పని తేల్చేయొద్దు, అక్కడి గాలులు కొద్ది దూరమే ప్రయాణిస్తాయి, పక్కకి తిరగడానికి వాటికి సమయం చాలదు. దానికన్నా మబ్బులు పోయే దిక్కు చూడటం మేలు.