సబ్బు బుడగలూ పోలియో వైరసూ

బుజ్జులూ,

చెల్లాయికి జ్వరం తగ్గిందట, సంతోషం. "వైరస్‌కి కాళ్లూ చేతులూ లేవు కదా, ఒంట్లోకెళ్లి ఏం చేస్తుంది తాతయ్యా?" అని అడిగారు. ఫోన్లో చెబితే మధ్యలోనే పారిపోతారు, అందుకే ఉత్తరం.

చిన్నప్పుడు నాకు సబ్బు బుడగల పిచ్చి. బట్టల సబ్బు సగం కరగదీసి మా అమ్మ చేత దెబ్బలు కూడా తిన్నాను. గొట్టం చివర నీటిపొర ఉబ్బేది, తెగేది, బుడగై వెళ్లిపోయేది. రెండు బుడగలు తగిలితే మధ్యలో ఒక గోడ నిలిచేది. అది చిట్లితే రెండూ ఒకటయ్యేవి.

మన కణాల్లోనూ ఇంచుమించు ఇదే ఆట. ప్రొటీన్లు తయారయ్యే చోట పొర ఉబ్బి, బుడగలా తెగి, ఆ ప్రొటీన్ల సరుకుని కడుపులో పెట్టుకుని, సరుకుని సర్ది పంపే గాల్జీ అనే చోటికి వెళ్తుంది. అక్కడినుంచి ఇంకో బుడగ కణం అంచుకి చేరి, ఆ పొరలో కలిసిపోతుంది. ఏ బుడగ ఎక్కడ కలవాలో దానికెలా తెలుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2013లో నోబెల్ బహుమతి ఇచ్చారు. (సబ్బు బుడగలో ఉండేది గాలి, కణంలో లోపలా బయటా నీళ్లే. నా పోలిక ఇక్కడ కాస్త చిట్లింది. అయినా వదలను.)

చెల్లాయిది ఏ వైరసో నాకు తెలీదు. పోలియో వైరస్ సంగతి చెబుతాను. మిల్లీమీటరుని 30 వేల ముక్కలు చేస్తే ఒక్క ముక్కంత ఉంటుంది. తెచ్చుకునేది ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు (వైరస్‌ని తయారుచేసే వివరాలన్నీ రాసున్న చీటీ అనుకోండి), పైన ప్రొటీన్ చొక్కా, అంతే. మిగతావన్నీ కణం చేతే చేయించుకుంటుంది. అలా చేయించుకున్న వాటిలో 3ఏ అనే ప్రొటీన్, బుడగలు కట్టడానికి సాయపడే ఒక ప్రొటీన్‌ని పట్టుకుని కూర్చుంటుంది. గాల్జీకి బుడగలు బంద్! దానివల్ల వైరస్‌కి ఏం లాభం అంటారా? సోకిన కణం వైరస్ ముక్కల్ని తన అంచు మీద పెట్టి "దొంగ పడ్డాడు" అని చూపిస్తుంది. ఆ చూపించే సరంజామా కూడా బుడగల్లోనే వెళ్లాలి మరి.

అంతటితో ఊరుకోదు. ఆ పొరలతోనే కణం నిండా కొత్త బుడగలు పుట్టించి, వాటి వీపు మీద తన ఆర్‌ఎన్‌ఏకి నకళ్లు తీయిస్తుంది. కరోనా ఇంకా గడుసుది, బుడగలో బుడగ కట్టి లోపల దాక్కుని తీయిస్తుంది. పొరుగింటి సామానుతో ఇల్లు కట్టుకోవడం తప్పే, ఆ పనితనం మాత్రం మెచ్చుకోవాలి.

సాయంత్రం అమ్మనడిగి, మళ్లీ చెబుతున్నా అడిగే, కాస్త సబ్బు తీసుకోండి. పెద్ద బుడగా చిన్న బుడగా అంటుకున్నప్పుడు మధ్య గోడ ఎటు ఉబ్బుతుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య