బీథోవెన్ రాసిన పెడల్, మన కాలి కింది పెడల్

బీథోవెన్ 1801లో కూర్చిన ‘మూన్‌లైట్’ సొనాటా మొదటి పేజీ తెరిస్తే, స్వరాలకంటే ముందు ఇటాలియన్‌లో ఒక సూచన కనిపిస్తుంది. ఈ భాగమంతా అతి సుకుమారంగా, ‘సెన్జా సోర్డినో’ వాయించాలని దాని సారాంశం. అంటే తీగల మోత ఆపే డ్యాంపర్లను పైకి లేపి ఉంచాలి. ఇప్పటి పియానోలో ఆ పని చేసేది కుడి పెడల్. ఆ సూచనను ఉన్నదున్నట్టు పాటిస్తే ఐదారు నిమిషాల పాటు ఆ పెడల్ మీంచి కాలు తీయకూడదు.

నేటి గ్రాండ్ పియానో మీద అలా చేస్తే మొదటి వరుస దాటకముందే స్వరాలన్నీ ముద్దగా కలిసిపోతాయి. అందుకే టీచర్లు కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారిన ప్రతిచోటా పెడల్ మార్చమంటారు, అంటే ఒకసారి వదిలి మళ్లీ తొక్కమంటారు. మరి బీథోవెన్ రాసింది తప్పా? కాదు. టీచర్లు చెప్పేదీ తప్పు కాదు. ఈ రెండువందల ఏళ్లలో మారిపోయింది పియానో.

మీట నొక్కగానే డ్యాంపర్ లేచి తీగకు దారి ఇస్తుంది, సుత్తి వచ్చి తీగను కొడుతుంది. మీట వదిలితే డ్యాంపర్ మళ్లీ తీగ మీద వాలి మోతను ఆపేస్తుంది. కుడి పెడల్ తొక్కితే డ్యాంపర్లన్నీ ఒకేసారి లేస్తాయి. దాంతో వాయించి వదిలేసిన స్వరాలు మోగుతూనే ఉంటాయి. అంతేకాదు, మనం ముట్టని తీగలు కూడా పక్క తీగల కంపనానికి స్పందించి పలకడం మొదలుపెడతాయి. దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. పియానో మూత తెరిచి, పెడల్ తొక్కిపట్టి, తీగల వైపు వంగి గట్టిగా ‘సా’ పాడి ఆపండి. అదే శ్రుతి లోపలి నుంచి సన్నగా తిరిగి వినిపిస్తుంది.

ఇక ఆ మోత ఎలా తగ్గుతుందన్నది ఇంకా ఆసక్తికరమైన సంగతి. పియానోలో చాలా స్వరాలకు మూడేసి తీగలుంటాయి. సుత్తి కొట్టిన క్షణంలో మూడూ కలిసికట్టుగా ఊగుతాయి. అప్పుడు తీగలు ఆనుకునే చెక్క పట్టీ, అంటే బ్రిడ్జి మీద పడే బలం ఎక్కువ కాబట్టి, శక్తి వేగంగా దాని కిందున్న పలక, అంటే సౌండ్‌బోర్డులోకి పోతుంది. శబ్దం పెద్దగా వచ్చి త్వరగా తగ్గుతుంది. కానీ మూడు తీగల శ్రుతి అణువంతైనా తేడా లేకుండా ఉండదు. కాసేపటికి వాటి ఊపు ఒకదానితో ఒకటి పొసగకుండా పోతుంది, బ్రిడ్జి మీద ఒకదాని బలాన్ని మరొకటి రద్దు చేస్తుంది. మిగిలిన శక్తి బయటికి పోయే దారి ఇరుకై, చిన్న మోత చాలాసేపు నిలుస్తుంది. భౌతిక శాస్త్రవేత్త గేబ్రియెల్ వైన్‌రైక్ 1977లో ఈ రెండు దశల తగ్గుదలను వివరించారు. పెడల్ తొక్కిపట్టినప్పుడు మన చెవిలో పేరుకునేది ఎక్కువగా ఈ రెండో దశ మోతే.

బీథోవెన్ 1801 నాటికి వాయించిన వియన్నా పియానోల చట్రం చెక్కది. సన్నని తీగలు, తోలు తొడిగిన చిన్న సుత్తులు. డ్యాంపర్లను లేపడానికి చాలా పియానోల్లో మోకాలితో పైకి నొక్కే మీట ఉండేది. ఆ వాద్యాల మీద మోత త్వరగా పలచబడేది. కొత్త కార్డ్ వచ్చేసరికి పాతది పోతూ, వెనకాల సన్నని పొరలా మిగిలేది. పోతపోసిన ఇనుప చట్రం, దాదాపు 20 టన్నుల బిగువు ఉన్న నేటి గ్రాండ్ పియానోలో ఆ పొర కాస్తా చిక్కగా తయారవుతుంది.

ఈ తేడాను ఆ కాలం వాళ్లే గమనించారు. బీథోవెన్ శిష్యుడు కార్ల్ చెర్నీ, గురువు 1803లో మూడో పియానో కాన్‌చెర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) వేదిక మీద వాయించినప్పుడు నెమ్మది భాగంలోని ఇతివృత్తమంతా పెడల్ తొక్కే ఉంచారని రాశాడు. అప్పటి బలహీనమైన పియానోల మీద అది బాగానే ఉండేదట. వాద్యాల ధ్వని పెరిగింది కాబట్టి ఇప్పుడు ముఖ్యమైన కార్డ్ మారిన ప్రతిసారీ పెడల్ కొత్తగా తొక్కమని అతనే సలహా ఇచ్చాడు. గురువు మాటను చెర్నీ కాదనలేదు, ఆ ధ్వనిని కొత్త పియానోలో మరో దారిలో రాబట్టమన్నాడు. నా దృష్టిలో పెడల్ గుర్తుల గురించి ఇంతకంటే మంచి పాఠం లేదు.

అలాగని కలగలుపు కనిపించిన ప్రతిచోటా శుభ్రం చేసేయకూడదు. ‘వాల్డ్‌స్టైన్’ సొనాటా చివరి భాగం చూడండి. కింద ఒక మంద్ర స్వరం మోగుతుంటే, పైన వేర్వేరు కార్డ్‌లు ఒకే పెడల్‌లో సాగుతాయి. మేజర్, మైనర్ కూడా అందులోనే కలుస్తాయి. ఇది పొరపాటున జరిగింది కాదు. రాతప్రతిలో బీథోవెన్ స్వయంగా, ‘పెడ్’ అని ఉన్నచోట డ్యాంపర్లన్నీ లేపాలని, సున్నా గుర్తు దగ్గర వాటిని వాలనివ్వాలని వివరణ రాసుకున్నారు. ఇంత జాగ్రత్తగా చెప్పిన మనిషి కోరుకున్న మసకను మనం తుడిచేస్తే ఆ సంగీతంలో సగం పోయినట్టే.

ఇక్కడ సాయపడేది హాఫ్ పెడల్. పెడల్‌ను పూర్తిగా వదలకుండా, డ్యాంపర్ తీగకు కొద్దిగా తగిలీ తగలనట్టు ఉంచడం. పై స్వరాల సన్నని తీగలు ఆ కాస్త స్పర్శకే ఆగిపోతాయి. మంద్ర స్వరాల తీగలు బరువైనవి, అంత తేలిగ్గా లొంగవు. కాబట్టి కింద స్వరం నిలుస్తుంది, పైన పేరుకున్నది పలచబడుతుంది. కుడిచేతిని కొంచెం మెత్తగా వాయిస్తే బీథోవెన్ అడిగినదానికి చాలా దగ్గరగా వెళ్లవచ్చు.

బీథోవెన్ తర్వాతి తరం స్వరకర్త షోపాన్ దగ్గర సమస్య వేరు. ఆయన పెడల్ గుర్తులు చాలా శ్రద్ధగా పెట్టారు. తొక్కాల్సిన చోట ‘పెడ్’, వదలాల్సిన చోట నక్షత్రం. ఒక నక్షత్రానికీ తర్వాతి ‘పెడ్’కీ మధ్య ఖాళీ ఉంటే, అక్కడ నిజంగా పొడి శబ్దం కావాలా? లేక రెండు గుర్తులూ పక్కపక్కన పట్టక అలా అచ్చయిందా? పైగా కార్డ్ వాయించిన వెంటనే పెడల్ మార్చి స్వరాలను అతికించే పద్ధతి పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలోగానీ పుస్తకాల్లో పాఠంగా స్థిరపడలేదు. ఆ అలవాటుతో పెరిగిన మన కాలు ప్రతి ఖాళీనీ తనంతట తానే పూడ్చేస్తుంది. ముందు రాసినది రాసినట్టే వాయించి వినాలి. ఆ ఖాళీలో ఒక నాట్యపు అడుగో, ఊపిరి తీసుకునే జాగానో దొరికితే దాన్ని ఉంచేయాలి.

ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ అయితే గుర్తులు దాదాపు పెట్టనే లేదు. 1910లో అచ్చయిన ‘మునిగిన కెథీడ్రల్’లో మంద్ర స్వరాలను నిలిపి ఉంచమని రాసి, అదే సమయంలో రెండు చేతులకూ వేరేచోట పని చెబుతారు. పెడల్ లేకుండా ఆ స్వరం నిలవడం అసాధ్యం. అక్కడ స్వరం నిడివే పెడల్ గుర్తు.

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద సాధన చేసి, పియానో పరీక్షకు వెళ్లాక అసలు పియానో ముందు కూర్చుంటారు. కీబోర్డుతో వచ్చే మామూలు సస్టెయిన్ పెడల్ (కుడి పెడల్ పని చేసేది) ఒక స్విచ్ మాత్రమే. ఎలక్ట్రానిక్ వాద్యాలు సంకేతాలు పంపుకునే మిడి పద్ధతిలో పెడల్‌కు 0 నుంచి 127 వరకు విలువలుంటాయి, కానీ స్విచ్ పంపేది ఆ చివరో ఈ చివరో. దాని మీద హాఫ్ పెడల్ నేర్చుకోవడం కుదరదు. కొనేటప్పుడు పెడల్, వాద్యం రెండూ హాఫ్ పెడల్‌కు పనికొస్తాయా అని షాపులో అడగండి. అది లేనివాళ్లు పరీక్షకు ముందు వారానికి ఒక గంటైనా అసలు పియానో మీద, కాలు ఎంత లోతుకు వెళ్తే డ్యాంపర్లు లేస్తున్నాయో చూసుకోవడం మంచిది. ఆ లోతు ఒక పియానోకీ ఇంకో పియానోకీ ఒకేలా ఉండదు.