కాయ పిలుపు, కాయ జాతి

తిరుపతి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మ్యాక్‌లో మీరు చేసిన తోట లెక్కల యాప్ గురించి అడిగారు. ఫైలు పేరు చివర 'డాట్ కాయ' అని ఉన్నా తెల్లకాగితం బొమ్మే వస్తోంది, డబుల్ క్లిక్ చేస్తే యాప్ తెరుచుకోవడం లేదు అన్నారు.

ఇది మామిడికాయల కాలం కదా. దామలచెరువు మార్కెట్టుకు వచ్చే తోతాపురిని మనవైపు బెంగళూరా అంటారు, కోస్తాలో కలెక్టర్ అంటారు. పిలుపు ఏదైనా జాతి ఒకటే. 'కాయ' అన్నది పిలుపు మాత్రమే. ఇంకో యాప్ వాళ్లూ అదే పెట్టుకోవచ్చు. అందుకే మ్యాక్ జాతి పేరు అడుగుతుంది. మీ వెబ్‌సైటు పేరును వెనకనుంచి రాసి, చివర ఫైలు రకం చేర్చండి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, హైఫన్ తప్ప ఇంకేమీ వద్దు. అండర్‌స్కోర్ అసలే వద్దు. 'పబ్లిక్'తో మొదలయ్యేవి ఆపిల్ తనకోసం ఉంచుకున్న పేర్లు.

1984 నాటి మొదటి మ్యాక్‌లో ఫైలు పేరు చివర ఈ తోకే అక్కర్లేదు. రకానికి నాలుగక్షరాలు, తయారుచేసిన యాప్‌కి నాలుగక్షరాలు కంటికి కనబడకుండా ఫైలు వెంటే ఉండేవి. ఎంత ముచ్చటైన ఏర్పాటో!

ఇప్పుడు ఆ జాతి పేరును ఇన్ఫో పీలిస్ట్‌లో, అంటే యాప్ తన వివరాలు మ్యాక్‌కు చెప్పుకునే ఫైలులో, రెండుచోట్ల రాయాలి. మొదటిది ఎక్స్‌పోర్టెడ్ టైప్, అంటే "ఈ జాతి మాది" అనడం. ఎక్స్‌టెన్షన్ గడిలో, అంటే ఆ తోక రాసేచోట, చుక్క లేకుండా ఉత్త 'కాయ' చాలు. తోతాపురి మామిడి కిందికి, మామిడి పండ్ల కిందికి వచ్చినట్టు, మీ రకం దేని కిందికి వస్తుందో కూడా చెప్పాలి. లోపల ఉన్నది జేసన్, అంటే డేటాను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి, కాబట్టి 'పబ్లిక్ డాట్ జేసన్'. అది టెక్స్టు కిందికి, టెక్స్టు డేటా కిందికి వస్తాయి. మీ డాక్యుమెంటు నిజానికి ఒక ఫోల్డరైతే 'కామ్ డాట్ ఆపిల్ డాట్ ప్యాకేజ్' రాయండి. లేకుంటే ఫైళ్లు చూపించే ఫైండర్ దాన్ని మామూలు ఫోల్డరులాగే తెరిచేస్తుంది.

రెండోది డాక్యుమెంట్ టైప్స్. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర "తోతాపురి కొంటాం" అని బోర్డు కట్టినట్టు. రోల్ ఎడిటర్ (ఫైలును మార్చగలం), ర్యాంక్ ఓనర్ (సొంతదారులం) అని పెట్టండి. జాతి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఈ రెండూ కలవవు, ఎర్రరూ రాదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే, అందుకే చేత్తో కొట్టకుండా కాపీ చేయండి.

ఇంకొకరి ఫైలు తెరవాలంటే ఇంపోర్టెడ్ అని రాసి, ర్యాంక్ ఆల్టర్నేట్ పెట్టండి. పక్కతోట కాయ మనదని బోర్డు కట్టకూడదు నాన్నా.

అన్నీ సరిగ్గానే ఉండి తెరుచుకోకపోతే పాత బిల్డులు, అంటే మీరు ఇదివరకు తయారుచేసిన యాప్ కాపీలు, వెతికి తీసేయండి. మ్యాక్ వాటిలో దేన్నో పట్టుకుని ఉండొచ్చు.

ఇప్పుడు ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ యాప్ తెరిచి 'ఎమ్ డీ ఎల్ ఎస్' అని చిన్నక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఫైలును లాగి అక్కడ వేసి ఎంటర్ నొక్కండి. కంటెంట్ టైప్ వరుసలో 'డీ వై ఎన్'తో మొదలయ్యే పొడుగు పేరుంటే మ్యాక్‌కు మీ జాతి ఇంకా తెలియలేదు. మీ పేరే కనబడిందో లేదో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య