పట్టేసిన బోల్టు మీద బలం ఎందుకు పనిచేయదు

ఇంజన్ పనిలో సగం రోజు తినేసేది చాలాసార్లు ఒక చిన్న బోల్టే. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌ని (ఇంజన్ పొగని బయటికి పంపే గొట్టాల భాగం) సిలిండర్ హెడ్‌కి (ఇంజన్ పైభాగం) పట్టి ఉంచే బోల్టులు, స్టడ్లు (తల లేని బోల్టులు) ఈ విషయంలో మరీ మొండివి. స్పానర్ వేసి లాగితే కదలదు, ఇంకాస్త గట్టిగా లాగితే టప్పుమని తల విరిగి చేతికొస్తుంది, మిగతా ముక్క హెడ్‌లోనే ఉండిపోతుంది. అంతవరకూ పది నిమిషాల పని అనుకున్నది అక్కడి నుంచి లేత్ షాపు చుట్టూ తిరిగే పని అవుతుంది. దీన్ని చాలామంది కండబలం చాలక వచ్చిన సమస్య అనుకుని పొడవాటి పైపు వెతుక్కుంటారు. ముందు వెతకాల్సింది ఆ బోల్టుని ఏది పట్టుకుందో.

అసలు బోల్టు ఎలా పట్టుకుంటుందో చూద్దాం. బిగించినప్పుడు అది నిజంగానే సాగుతుంది, కంటికి కనపడనంత కొంచెం. మళ్లీ వెనక్కి ముడుచుకోవాలని చూసే ఆ లాగుడే రెండు భాగాల్నీ కలిపి నొక్కి ఉంచుతుంది. మనం స్పానర్ మీద పెట్టే శ్రమలో సుమారు 50 శాతం బోల్టు తల కింద రాపిడికి పోతుంది, ఇంకో 40 శాతం థ్రెడ్ల (బోల్టు మీది మరల) మధ్య రాపిడికి పోతుంది, బోల్టుని సాగదీయడానికి మిగిలేది ఓ 10 శాతం. కొత్త బోల్టు పరిస్థితే ఇది. ఇక తుప్పు పట్టి థ్రెడ్లు కదలనప్పుడు మనం పెట్టే బలమంతా ఎటు పోతుంది? తల కింద ఉన్న బోల్టు మెడని మెలితిప్పడానికి.

12 లేదా 13 నంబర్ స్పానర్ పట్టే ఎమ్8 (8 మిల్లీమీటర్ల మందం) బోల్టుని తీసుకోండి, తల మీద 8.8 అని గ్రేడ్ (దాని బలాన్ని చెప్పే అంకె) ఉన్నది. నిలువుగా లాగితే దాదాపు మూడు టన్నుల బరువు దాకా తెగదు. అదే బోల్టుని మెలితిప్పితే 35, 40 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దగ్గర తెగిపోవచ్చు. 30 సెంటీమీటర్ల హ్యాండిల్ చివర 12, 13 కిలోల ఒత్తిడి పెడితే అంత వచ్చేస్తుంది! మామూలు మనిషి ఒక్క చేత్తో పెట్టేంత బలం అది. ఇక మెడ దగ్గర తుప్పు తినేసి సన్నబడి ఉంటే అంత కూడా అక్కర్లేదు.

పట్టేయడానికి కారణాలు రకరకాలు. అందరికీ తెలిసింది తుప్పు. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు కావాలి, థ్రెడ్ల మధ్య అంత చోటెక్కడిది? అందుకే ఆ తుప్పు లోపల మేకులా దిగబడి రెండు వైపులా నొక్కుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగే బండికీ, మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో తిరిగే బండికీ ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే ఉప్పు తగిలిన తేమలో తుప్పు చాలా వేగంగా పడుతుంది.

రెండో కారణం అల్యూమినియం. ఇప్పటి కార్లలో సిలిండర్ హెడ్లు చాలావరకు అల్యూమినియంవే, బోల్టులు మాత్రం స్టీలువి. రెండు వేర్వేరు లోహాలు తాకి ఉన్నచోట ఉప్పు తేమ చేరిందంటే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియం. తెల్లటి పొడి లాంటి పదార్థం థ్రెడ్లలో నిండిపోతుంది. ఎగ్జాస్ట్ దగ్గరైతే దీనికి తోడు బండి తీసిన ప్రతిసారీ వందల డిగ్రీల వేడి, ఆపాక చల్లారడం.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు వేస్తే ఇంకో రకం. తుప్పు ఉండదు, కానీ తిప్పేటప్పుడు పైనున్న సన్నటి ఆక్సైడ్ పొర గీసుకుపోయి లోహం లోహానికి అతుక్కుంటుంది, బలం పెంచేకొద్దీ ఇంకా అతుక్కుంటుంది. కొన్ని బోల్టులకు కంపెనీలోనే, వదులు కాకుండా, థ్రెడ్‌లాకర్ అనే జిగురు పూసి ఉంటుంది. అందులో గట్టి రకాన్ని నూనె పోసి వదిలించలేం, సుమారు 250 డిగ్రీల వేడి తగిలితేనే మెత్తబడుతుంది.

ఇంకో కారణం మసి. 2004 నుంచి 2008 దాకా వచ్చిన ఫోర్డ్ 5.4 లీటర్ల, సిలిండర్‌కి మూడు వాల్వులుండే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్లలో స్పార్క్ ప్లగ్ రెండు ముక్కల తయారీ. కింది పొడవాటి గొట్టం చుట్టూ కార్బన్ గట్టిపడి, ప్లగ్ తిప్పితే పైభాగం వచ్చేసేది, కింది గొట్టం హెడ్‌లోనే మిగిలేది. దానికి ఫోర్డ్ చెప్పిన పద్ధతి చూడండి: ప్లగ్‌ని కొద్దిగా మాత్రమే వదులు చేసి, కార్బ్యురేటర్ క్లీనర్ పోసి, నాననిచ్చి, అప్పుడు ముందుకీ వెనక్కీ తిప్పుతూ తీయాలి. మందు మసికి వేశారు, పైపు పొడుగు పెంచలేదు.

పని ఎప్పుడూ వైర్ బ్రష్‌తోనే మొదలవ్వాలి. బయటికి కనిపించే థ్రెడ్లు శుభ్రం చేయకుండా నూనె పోస్తే అది తుప్పు పొర మీదే ఆగిపోతుంది. చొచ్చుకుపోయే నూనెలు చాలా పలుచగా ఉండి, కొవ్వొత్తి వత్తిలోకి మైనం పాకినట్టు, సన్నటి సందుల్లోకి వాటంతట అవే పాకుతాయి. అయితే వాటికి టైం కావాలి. సాయంత్రం పోసి పొద్దున్న చూడటం, మధ్యలో ఇంకోసారి పోయడం మంచిది. చాలామంది చేతికి ముందు దొరికే డబ్ల్యూడీ-40 పుట్టింది 1953లో, శాన్ డియేగోలో, తేమని తరిమి తుప్పు రాకుండా ఆపడానికి. అట్లాస్ క్షిపణి పైపొరని కాపాడటానికి వాడారు. పట్టేసిన బోల్టుకి దానికంటే ఆ పని కోసమే చేసిన పెనెట్రేటింగ్ నూనె మేలు.

నూనె పోశాక తల మీద సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు వేయండి, తుప్పు పొరకి పగుళ్లు పడి నూనెకి దారి దొరుకుతుంది. సాకెట్ ఆరు మూలలదే వాడాలి. పన్నెండు మూలలది బోల్టు అంచుల్నే పట్టుకుంటుంది, తల గుండ్రంగా అరిగిపోయే ప్రమాదం ఎక్కువ. మొదట వదులు చేసే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క పిసరు కదపండి, తర్వాత వెనక్కి, మళ్లీ ముందుకి. చేతికి తెలిసేది ఇక్కడే చాలా ఉంది: స్పానర్ కదిలినట్టే అనిపించి, వదలగానే స్ప్రింగులా వెనక్కి వస్తోందంటే థ్రెడ్ కదల్లేదు, మెడ మెలితిరుగుతోంది. అక్కడ ఆగిపోవాలి.

తర్వాత ఉన్నది వేడి, నా లెక్కలో దాన్ని మించింది లేదు. 8 మిల్లీమీటర్ల స్టీలు బోల్టుని 200 డిగ్రీలు వేడెక్కిస్తే మందం సుమారు 0.02 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తక్కువే అనిపిస్తుంది కానీ తుప్పు పొరని నలగ్గొట్టడానికి అది చాలు, చల్లారి ముడుచుకున్నప్పుడు చిన్న సందు ఏర్పడుతుంది. నట్టు ఉంటే నట్టునే వేడి చేయాలి, ఎందుకంటే వ్యాకోచించాల్సింది బయటిది. అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి హెడ్‌లో ఉన్న బోల్టు చుట్టూ వేడి ఇస్తే రంధ్రం ఇంకా బాగా తెరుచుకుంటుంది. కాకపోతే అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, చూస్తుండగానే కరిగిపోతుంది, మంట ఒక్కచోటే పెట్టకూడదు. కాయిల్‌తో పనిచేసే ఇండక్షన్ హీటర్ ఉంటే మంటే అక్కర్లేదు, బోల్టులోనే కరెంటు పుట్టి అదే వేడెక్కుతుంది. వేడి బోల్టుకి మైనం ముక్క తాకిస్తే కరిగి థ్రెడ్లలోకి లాక్కోబడుతుంది, అది మంచి చిట్కా.

మంట వాడే ముందు పెట్రోల్ పైపులు, రబ్బరు గొట్టాలు, ఇందాక పోసిన నూనె, అన్నీ చూసుకోండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట గానీ వెల్డింగ్ గానీ అస్సలు పెట్టకండి, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఊపిరితిత్తుల్ని దెబ్బతీసి ప్రాణం తీయగలదు.

ఇంత చేసినా తల విరిగితే, మిగిలిన ముక్క మీద నట్టు పెట్టి మధ్యలో వెల్డింగ్ చేయించడం నేను నమ్మే పద్ధతి, పట్టుకోవడానికి తలా వస్తుంది, వేడీ తగులుతుంది. విరిగిన ముక్కకి రంధ్రం చేసి అందులో దింపి తిప్పే స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ చాలా గట్టి స్టీలు, కానీ పెళుసు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని తొలచలేదు. థ్రెడ్ పాడైతే రంధ్రం పెద్దది చేసి హెలికాయిల్ (కొత్త థ్రెడ్లుగా పనిచేసే తీగ చుట్ట) వేయించుకోవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు ఎగ్జాస్ట్ దగ్గర కొత్త బోల్టులే వేయండి, థ్రెడ్లకి యాంటీ సీజ్ (పట్టేయకుండా ఆపే పేస్టు) పూయండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: మాన్యువల్‌లో ఇచ్చే టార్క్ (ఎంత బలంతో తిప్పి బిగించాలో చెప్పే లెక్క) చాలాసార్లు పొడి థ్రెడ్లకి లెక్క, జిడ్డు ఉంటే రాపిడి తగ్గి అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి తగ్గించి బిగించాలి. స్పార్క్ ప్లగ్గులకి మాత్రం ఎన్‌జీకే లాంటి కంపెనీలు యాంటీ సీజ్ వద్దనే అంటున్నాయి, వాటి థ్రెడ్ల మీద పూత ముందే ఉంటుంది.